మైనా మీద కూర్చోవడం

నేను ఇది ఇంతకాలం రాయకపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. నాకు రాయడం రాదు, అంతే. బొంబాయి కామాఠీపురాలో పుట్టాను, ఆ గల్లీల్లోనే పెరిగాను, పెళ్ళయ్యాక కూడా రెండు గల్లీలు దాటి అక్కడే కాపురం పెట్టాను. అంకెలు వచ్చు కాబట్టి బస్సులు ఎక్కేదాన్ని, గడియారం చూసేదాన్ని. అక్షరాలు మాత్రం అరవై దాటాక వచ్చాయి. మా తెలుగు సంఘం గదిలో మధ్యాహ్నం పూట, గిన్నెలు కడుక్కోవడం అయ్యాక, మావంటి ఆడవాళ్ళను కూర్చోబెట్టుకొని సునీత అనే పిల్ల చదువు చెప్పడం మొదలుపెట్టింది. ముందు తెలుగు నేర్పింది. అది కాస్త నిలిచాక, స్టేషను బోర్డులు చదువుకోవాలి కదా అని ఇంగ్లీషు పెద్దక్షరాలు మొదలుపెట్టింది. ఒకరోజు బోర్డు మీద నిలువుగీత గీసి, దాని నడుముకు రెండు వాలుగీతలు తగిలించి, "దీన్ని 'కే' అంటరు" అంది. నేను పకపకా నవ్వాను.

"ఏమైంది ఆజీ?" అంది సునీత. మా పిల్లలకు నానమ్మ కూడా మరాఠీలోనే.

"దీని దగ్గర నేను గుర్రాన్ని మలిపేదాన్నే. దీని పేరు ఇన్నేండ్లకు ఎర్కయింది" అన్నాను.

గదిలో ఉన్నవాళ్ళంతా నాకు మతి పోయిందనుకున్నారు. సునీత మాత్రం పలక నా ఒడిలో పెట్టి, "అయితే అదే రాసుకురా" అంది. అందుకే రాస్తున్నాను.

మా నాయిన పేరు సాయిలు. మహబూబ్‌నగర్ వైపు నుంచి బొంబాయికి వచ్చిన మావాళ్ళంతా కట్టుబడి పనివాళ్ళు. సున్నం కలిపేవాళ్ళు, ఇటుకలు మోసేవాళ్ళు, గోడలు లేపేవాళ్ళు. నాయిన కూడా కుర్రతనంలో ఒక రైడింగ్ క్లబ్బు తబేలాకు, అంటే గుర్రాల కొట్టానికి, గోడ కట్టడానికి పోయాడట. గోడ పూర్తయింది, మేస్త్రీ మిగతావాళ్ళను తీసుకొని ఇంకో పనికి పోయాడు, నాయిన మాత్రం గుర్రాల దగ్గర ఉండిపోయాడు. అట్లా గుర్రాలను సాకే సయీసు అయ్యాడు. మేముండే చాల్‌లో, ఒకే వరండాకు గదులన్నీ వరసగా ఉండే ఇంట్లో, ఆయన్ని "గుర్రాల సాయిలు" అనేవాళ్ళు. మా అమ్మ నాకు మాటలు రాకముందే పోయింది. నన్ను పెంచింది మా అవ్వ, అంటే నాయిన తల్లి. ఆమెకు ఇంట్లో ఒక్కటే చట్టం. నాయిన పని బట్టలతో గడప దాటకూడదు. వరండా చివర నల్లా దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి, చొక్కా బయట మేకుకు తగిలించాలి, అప్పుడు లోపలికి రావాలి. అయినా వాసన ఆగుతుందా? ఎండుగడ్డి, తోలు, చెమట, గిట్టలకు పూసే నూనె, అన్నీ కలిసి ఆయనతోపాటు లోపలికి వచ్చి, జొన్నరొట్టె కాలుతున్న వాసన పక్కన కూర్చునేవి. అవ్వ ముక్కు మూసుకుంటూనే పెనం మీద రొట్టె తిప్పేది. తిప్పుతూ, "మైనా తిన్నదారా?" అని అడిగేది. ఆ తర్వాతే, "నువ్వు తిన్నవా?" అని.

మైనా అంటే నాయిన చూసుకునే ఆడగుర్రం. ముదురు గోధుమరంగు, నుదుటి మీద వంకర తెల్లమచ్చ. దాని యజమాని ఫ్రేనీబాయి అనే పార్సీ ఆవిడ. మోకాళ్ళు పాడై తను స్వారీ మానేసింది కానీ గుర్రాన్ని వదులుకోలేదు. నేను చిన్నప్పటి నుంచి నాయినకు అన్నం తీసుకొని నాగ్‌పాడా మీదుగా నడిచి తబేలాకు పోయేదాన్ని. అన్నం ఇచ్చి రమ్మంటే సాయంత్రం దాకా వచ్చేదాన్ని కాదు. ఒకరోజు గడ్డి మోపులు అడ్డంగా పెట్టి, జీను కూడా లేని మైనా మీద కూర్చొని వాటిని దూకుతుంటే ఫ్రేనీబాయి చూసింది. నాయిన నన్ను కొట్టడానికి చెప్పు తీశాడు. బాయి చెప్పు దింపించి, "దీనికి బూట్లు కుట్టించు" అంది. అట్లా ఆమె పేరు మీద, ఆమె గుర్రం మీద, నేను కర్రలు దూకే పోటీల్లోకి పోయాను.

దూకడం నాకు ఎవరూ నేర్పలేదు. ముందుకు వంగేదాన్ని, రికాబుల్లో కాళ్ళు పెట్టి నిలబడేదాన్ని, మోకాళ్ళతో బిగించి పట్టేదాన్ని, గడ్డం జూలుకు తగిలేది, కళ్ళు మూసుకునేదాన్ని. కళ్ళు తెరిచేసరికి కర్ర వెనక ఉండేది. జీను మీద కూర్చున్న గుర్తే నాకు లేదు. కూర్చోవడం మధ్యలో విశ్రాంతికి చేసే పని అనుకునేదాన్ని. రెండుమూడు సార్లు కప్పులు కూడా వచ్చాయి. అవి బాయి ఇంటికి పోయేవి, వాటితో ఇచ్చిన మిఠాయి మా చాల్‌కు వచ్చేది. ఆ ఏర్పాటు మా ఇద్దరికీ నచ్చింది.

ఒక వానాకాలం చివర్లో మైనా కర్ర దూకి దిగుతుంటే దాని ముందుకాలు మడత పడింది. నేను ఎగిరి బురదలో పడ్డాను, నాకేమీ కాలేదు. దాని కాలి నరం వాచిపోయింది. నెలల తరబడి నాయిన దానికి చల్లనీళ్ళ పట్టీలు కట్టాడు. కుంటు తగ్గింది, నడక బాగుపడింది. కానీ డాక్టరు చేత్తో కాలంతా తడిమి, ఇక దూకడం లేదు అని చెప్పేశాడు. దూకని గుర్రాన్ని ఊరికే మేపడం బాయికి కూడా కష్టమే. నాగ్‌పాడాలో విక్టోరియా గుర్రబ్బళ్ళు నడిపే ఇబ్రహీం చాచా అని ఒకాయన ఉండేవాడు. ఆయన వచ్చి మైనాను చూసి, పళ్ళు చూసి, తీసుకుంటానన్నాడు. చాచా చెడ్డవాడు కాదు. కానీ తారురోడ్డు మీద, బండి లాగుతూ, ఎండలో నిలబడితే ఆ కాలు ఎన్నాళ్ళుంటుందో నాయినకు తెలుసు. ఆ పూట ఇంటికి వచ్చి ఆయన చొక్కా మేకుకు తగిలించడం మరిచిపోయాడు. అవ్వ ముక్కు మూసుకోకుండానే రొట్టె పెట్టింది.

మర్నాడు నేనే పోయి బాయిని అడిగాను. ఆమె తన హిందీలో చెప్పింది. క్లబ్బులో చిన్నపిల్లలకు స్వారీ నేర్పడానికి నెమ్మదైన గుర్రం కావాలట. మైనా దుడుకుదని వాళ్ళకు భయం. చలికాలంలో డ్రెసాజ్ పోటీ ఉంది. అందులో జనం ముందు మైనా బుద్ధిగా నడిచి చూపిస్తే క్లబ్బు తీసుకుంటుంది. లేకపోతే పోటీ మరుసటి పొద్దున చాచా వచ్చి తోలుకుపోతాడు. డ్రెసాజ్ అంటే నేను దూరం నుంచి చూసిందే. కర్రలుండవు, దూకుడుండదు. పొడుగాటి చతురస్రంలో గుర్రం గీత గీసినట్టు నడవాలి, గుండ్రంగా తిరగాలి, ఆగమన్నచోట ఆగాలి. మీదున్న మనిషి ఏమీ చేయనట్టు కనిపించాలి. ఏమీ చేయకపోవడం ఎంతసేపు నేర్చుకుంటాం అనుకున్నాను.

నేర్పడానికి ఉస్తాద్ ఉన్నాడు. ఒకప్పుడు పటాలంలో గుర్రపు సవారు, హైదరాబాదు మనిషి, తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. మొదటిరోజు నన్ను రెండు చుట్లు తిప్పి, చేతికర్ర నేలకు ఆనించి నిలబడ్డాడు.

"మణెమ్మా, దిగు బేటా."

"ఏమైంది ఉస్తాద్?"

"గుర్రం మీద కూసోమన్న. నువ్వు నిలబడ్డవ్, ట్రాఫిక్ పోలీసు లెక్క. నీకు బైఠక్ లేదు."

బైఠక్ అంటే కూర్చునే తీరు. నాకు అది లేదని తేల్చాక, ఆయన జీనుకున్న రికాబులు రెండూ ఊడదీసి నాయిన చేతిలో పెట్టాడు. "ఇవి ఇంటికి తీస్కపో సాయిలూ. నేనడిగినంక తేవాలె" అన్నాడు. అప్పటి నుంచి మైనా మెడకు పొడుగుతాడు కట్టి, తాడు కొస తను పట్టుకొని, గుండ్రంగా తిప్పేవాడు. మీద నేను, కాళ్ళు గాలిలో, చేతులు నడుము మీద. దుల్కీ అనే నడక ఉంటుంది, గుర్రం రెండేసి కాళ్ళ మీద ఎగిరెగిరి పోతుంది. దూకేవాళ్ళు ఆ కుదుపుకు లేస్తూ కూర్చుంటూ తప్పించుకుంటారు. ఇక్కడ లేవకూడదు, అంటుకొని ఉండాలి. నేను సంచిలో బంగాళాదుంపలాగా ఎగిరేదాన్ని. మైనా చెవులు వెనక్కి పెట్టి నడుం బిగించేది, అది బిగిస్తే నేను ఇంకా ఎగిరేదాన్ని. పడకుండా మోకాళ్ళు నొక్కితే, దూకమంటున్నానేమో అని అది పరుగెత్తేది. పాపం, దానికి నేను నేర్పిన భాష అదే మరి.

"నొక్కకు! నొక్కితే పైకి లేస్తవ్, సబ్బు బిళ్ళ లెక్క!" అని అరిచేవాడు ఉస్తాద్.

ఇంటికొస్తే నేల మీద కూర్చోలేకపోయేదాన్ని. అవ్వ నన్ను బోర్లా పడుకోబెట్టి నువ్వులనూనె వేడిచేసి రాసేది. ఆ చేతులు ఇటుకలు మోసిన చేతులు, నూనె కంటే అవే ఎక్కువ మండేవి.

"ఇన్నొద్దులు గుర్రమెక్కితివి గదనే. ఇప్పుడు కూసునుడు నేర్సుకుంటున్నవా?"

"అవునే అవ్వా."

"రేపు ఊపిరి పీల్సుడు నేర్పుతడా మీ ఉస్తాదు?"

ఆమె ఎగతాళికి అన్నా, పని అక్కడే ఉందని నాకు తర్వాత తెలిసింది.

మైనా పడ్డ మరుసటి ఏడు బతుకమ్మ రోజులు వచ్చాయి. మా గల్లీలో బతుకమ్మకు తంగేడు దొరకదు. దాదర్ నుంచి తెచ్చిన బంతిపూలూ చామంతులే. చాల్ ముందు ఉన్న కాస్త జాగాలో గుండ్రంగా తిరుగుతూ, వంగుతూ, చప్పట్లు కొడుతూ పాడేవాళ్ళం. ఫోరస్ రోడ్డు మీద పోయే లారీలవాళ్ళు హారన్ కొడితే, ముసలమ్మలు పాట ఆపకుండానే చేత్తో పొమ్మని సైగ చేసేవాళ్ళు. నా ఒళ్ళంతా నొప్పులే అయినా అవ్వ వదలలేదు. పాడీ పాడీ మర్నాడు కూడా ఆ పాట నోట్లో ఆడుతూనే ఉంది. తాడు కొసన మైనా మీద తిరుగుతుంటే అదీ గుండ్రమే కదా, తెలియకుండానే పాడాను. పాడాలంటే ఊపిరి వదలాలి. అప్పటిదాకా నేను ఊపిరి బిగబట్టుకొని స్వారీ చేస్తున్నానని నాకే తెలియదు. ఊపిరి పోగానే పొట్ట వదులైంది, నడుము వదులైంది, తొడలు బరువుగా కిందికి జారాయి. మైనా వీపు నా కిందికి వచ్చి నన్ను మోసింది. ఎగరడం లేదు! అది ఎటు ఊగితే నేను అటు ఊగుతున్నాను, నిటారుగానే ఉన్నాను. అది ముక్కుతో పెద్దగా గాలి వదిలి మెడ వంచింది.

ఉస్తాద్ తాడు లాగలేదు. కొన్ని చుట్లయ్యాక, "ఏం పాట అది?" అన్నాడు.

"బతుకమ్మ పాట, ఉస్తాద్. ఆపుతా."

"ఆపినవంటే చంపుత. పాడు."

నాయిన గడ్డి మోస్తున్నవాడల్లా మోపు కిందపెట్టి చప్పట్లు కొట్టాడు. అట్లా చలికాలం దాకా పాడుతూనే తిరిగాను. తాడు విప్పారు, రికాబులు తిరిగి వచ్చాయి, చతురస్రంలోకి పోయాను. దాని అంచుల వెంట అక్షరాలు రాసిన తెల్ల డబ్బాలు ఉంటాయి. ఏ అక్షరం దగ్గర మలగాలో, ఎక్కడ ఆగాలో వరుస ఉంటుంది. ఉస్తాద్ కర్రతో చూపిస్తూ, "ఇగో, ఇక్కడ మలుపు, అగో, అక్కడ చుట్టు" అనేవాడు. నేను అక్షరాలు చూడలేదు. నీళ్ళ ట్యాంకరు దగ్గర మలగాలి, ఉస్తాద్ కుర్చీ ఎదుట గుండ్రం తిరగాలి, కాకులు వాలే దీపస్తంభం నుంచి అడ్డంగా పోవాలి, ఇట్లా గుర్తుపెట్టుకున్నాను. తప్పు పోలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇక మిగిలింది పాట ఒక్కటే. పోటీలో నోరు మెదిపితే మార్కులు కోస్తారని ఉస్తాద్ ముందే చెప్పాడు. "ఆరోజు మనసుల పాడుకో" అన్నాడు.

పోటీ రోజున మా తబేలా మైదానంలో కాకుండా, అవతలి పెద్ద మైదానంలో చతురస్రం వేశారు. షామియానాలు, కుర్చీలు, బూట్లు మెరిసే పిల్లలు. నేను మైనాను నడిపించుకుంటూ పోయి చూశాను. మైనాను అక్కడే ఆపి ఉస్తాద్ వైపు తిరిగాను.

"ఉస్తాద్, ట్యాంకరేది?"

"నీళ్ళు గావాల్నా?"

"కాదు. నేను మలిగే ట్యాంకరు! మీ కుర్చీ ఏది? కాకుల కంబమేది?"

ఆయన నా ముఖం చూశాడు, డబ్బాల వైపు చూశాడు, మళ్ళీ నా ముఖం చూశాడు. "నీకు అక్షరాలు రావా?"

"అంకెలొస్తయి. దూకేకాడ కర్రలకు అంకెలే ఉండె."

"యా అల్లా" అని ఆయన నేల మీద కూర్చున్నాడు. నాయిన మైనా జీను పట్టీని బిగించిందే మళ్ళీ బిగించాడు. ఏం చేయాలో తోచనప్పుడు ఆయన అదే చేస్తాడు. అప్పటికే మైకులో బాయి పేరు, మైనా పేరు పిలిచారు. వెనక్కి పోతే మర్నాడు చాచా వస్తాడు. ఎక్కి కూర్చున్నాను.

లోపలికి పోయి, మధ్యలో ఆగి, జడ్జికి వందనం చేశాను. అంతవరకు గుర్రానికి కూడా తెలుసు. ముందుకు కదిలాక నా తలలో తెల్లగోడ తప్ప ఏమీ లేదు. భయానికి మోకాళ్ళు బిగుస్తున్నాయి, మైనా నడక చిన్నదవుతోంది, చెవులు వెనక్కి పోతున్నాయి. ఇంకో నాలుగడుగులు పోతే అది పరుగు తీసేదే. అప్పుడు నోరు తెరిచి పాడాను. మెల్లగానే పాడాను, కానీ మనసులో కాదు, నోటితోనే. ఊపిరి పోయింది, నేను జీనులోకి దిగాను, మైనా మెత్తబడింది. పాట రెండు వరుసలు అయ్యేసరికి ఎదురుగా మూల వచ్చింది. ఇంకో సగం వరుసకు ఇంకో మూల. అప్పుడు అర్థమైంది. ట్యాంకరు లేకపోతేనేం, మైదానం మారినా చతురస్రం కొలత మారలేదు. అదే పొడుగు, అదే వెడల్పు. ఎన్నో వరుసలో మలుపో, ఎన్నో వరుసలో గుండ్రమో, ఇన్ని నెలలు పాడిన నా నోటికి తెలుసు. ఇక నేను దేనికోసమూ వెతకలేదు. వరుస అయిపోతే మలిగాను. చప్పట్లు కొట్టి వంగేచోట చుట్టు తిరిగాను. షామియానా గుడ్డ గాలికి ఫట్‌ఫట్‌మని కొట్టుకుంటే పక్క గుర్రాలు బెదిరాయి, మైనా చెవి ఒకటి మాత్రం నా వైపు తిప్పి పాట వింటూ పోయింది. జడ్జి బల్ల ముందు నుంచి పోయిన ప్రతిసారీ ఆయన తలెత్తి చూశాడు. నేను ఆపలేదు. ఆపితే దారి పోతుంది.

మార్కులు బాగానే కోశారు. చివరి నుంచి మాదే రెండో స్థానం. నేను మైనా మెడ మీద తల పెట్టుకొని నిలబడ్డాను. ఉస్తాద్ నా వైపు చూడకుండా మీసం దువ్వుకుంటున్నాడు. ఫ్రేనీబాయి కర్ర ఊపుకుంటూ, కుంటుకుంటూ, జడ్జి దగ్గర నుంచి వచ్చింది. మేము ముగ్గురం ఆమె నోరే చూస్తున్నాం.

"ఈ పిల్ల ఒక్క అక్షరం దగ్గర కూడా నోరు మూయలేదు, నిబంధన ప్రకారం కోయక తప్పలేదు అన్నాడు" అని హిందీలో చెప్పి కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇంకా అడిగాడు. దీనికి కూర్చోవడం ఎవరు నేర్పారు అని."

ఉస్తాద్ మీసం వదిలేశాడు. "మరి గుర్రం?" అన్నాడు నాయిన. ఆయన బాయిని ఎదురు ప్రశ్న అడగడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"గుడ్డ కొట్టుకుంటే బెదరని గుర్రం అదొక్కటేనట. క్లబ్బువాళ్ళు పిల్లల కోసం ఉంచుకుంటారు."

ఆ సాయంత్రం నాయిన బట్టలు కూడా మార్చకుండా, చేతులు కూడా కడగకుండా, చొక్కాతోనే నేరుగా ఇంట్లోకి పోయి అవ్వకు చెప్పాడు. అవ్వ ఆయన్ని తిట్టుకుంటూ బయటికి తోసి, వరండాలో అందరి గడపలకూ పోయి తనే చెప్పి వచ్చింది. మా వరండాలో ఒక గుర్రం సంగతి అందరి సంగతీ. ఎదురింటి ముసలాయన తబేలా ఎటువైపో కూడా తెలియకుండా నెలల తరబడి మైనా కాలు గురించి అడిగేవాడు. అప్పుడే బాగుండేదని నేను అనను. పొద్దున్నే చెంబులు పట్టుకొని వరుసలో నిలబడటం ఎవరికి కావాలి? ఇప్పుడు నాకు ఇంట్లోనే నల్లా ఉంది. నా మనవరాలు మరాఠీలో మాట్లాడి తెలుగులో అలుగుతుంది, బాగా చదువుతుంది, ఫోను మీదికి కొడవలిలాగా వంగి కూర్చుంటుంది. నేను మాత్రం ఈ వయసులోనూ గోడకు ఆనుకోకుండా కూర్చుంటాను. సంఘం గదిలో మిగతావాళ్ళు గోడ పక్క జాగా కోసం తోసుకుంటే నేను నడుమ కూర్చొని పలక పట్టుకుంటాను. చేయి వణికి అక్షరం వంకర పోతే గట్టిగా నొక్కబుద్ధవుతుంది. నొక్కను. ఊపిరి వదిలి, చేయి వదులు చేసి, మళ్ళీ రాస్తాను. ఇప్పుడు పక్కింట్లో ఎవరు ఏం తిన్నారో నాకు తెలియదు. వాళ్ళకూ నా సంగతి తెలియదు. ఒకటి వచ్చింది, ఒకటి పోయింది. రెండూ కలిసి దొరికిన రోజు ఉందేమో, నేను చూడలేదు.

పోటీ మరుసటి పొద్దున నేను తబేలాకు పోయేసరికి ఇబ్రహీం చాచా తాడు పట్టుకొని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయనకు ఎవరూ కబురు చెప్పలేదు. నాయిన ఆయన్ని చూసి, ఇంకో గుర్రం గిట్ట ఎత్తి పట్టుకొని, దాని కడుపు కింద దాక్కున్నాడు.

"గుర్రమేది బేటీ?" అన్నాడు చాచా.

"నౌకరికి పోయింది చాచా" అని చూపించాను. మైనా అవతల ఒక బొద్దు పిల్లవాణ్ణి ఎక్కించుకొని, ఉస్తాద్ పట్టుకున్న తాడు కొసన, పెళ్ళి ఊరేగింపులో పోతున్నట్టు నడుస్తోంది.

చాచా చాలాసేపు చూశాడు. "ఇంత నెమ్మది గుర్రాన్ని నేను సవారీలకు కట్టినా, చౌపాటీ ఒడ్డుకు చేరేసరికి తెల్లారేది" అని నవ్వాడు. నేను పొయ్యి వెలిగించి ఆయనకు అల్లం వేసి చాయ్ చేసి ఇచ్చాను. తాగి, ఖాళీ తాడు భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. నేను మైనా గదిలోకి పోయి, పేడ ఎత్తి, పాత గడ్డి అంతా ఊడ్చేసి, మోకాలి ఎత్తున కొత్త గడ్డి పరిచాను.